బొమ్మ నచ్చిందా, ఆ పూట నచ్చిందా? నైరూప్య చిత్రాల మీద భావోద్వేగాల నీడ

అమ్మ బయాప్సీ రిపోర్టు కోసం ఒక ఆసుపత్రి రెండో అంతస్తులో కూర్చున్న రోజు నాకు బాగా గుర్తు. ఎదురు గోడకు పెద్ద ఫ్రేము ఒకటి ఉంది. పైన నారింజ రంగు పట్టీ, కింద నలుపుకు దగ్గరగా వచ్చిన ఎరుపు. రెండూ కలిసే చోట అంచు తడిసిన కాగితంలా చెదిరిపోయి ఉంది. అందులో మనిషి లేడు, చెట్టు లేదు, ఇల్లు లేదు. రెండు గంటల పాటు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ ఎరుపు నాకు ఆరని పుండులా కనిపించింది. ఇలాంటి బొమ్మను ఆసుపత్రిలో ఎవరు పెట్టారా అని విసుగొచ్చింది. సాయంత్రం నాలుగున్నరకు రిపోర్టు వచ్చింది, భయపడాల్సిందేమీ లేదన్నారు. అమ్మ చెప్పులు వేసుకుంటుంటే మళ్లీ అటు చూశాను. అదే ఎరుపు ఈసారి పొయ్యిలో మిగిలిన నిప్పులా వెచ్చగా ఉంది. ఫోన్ తీసి ఫొటో తీసుకున్నాను.

నైరూప్య చిత్రాల గురించి మన దగ్గర చర్చ ఎక్కువగా వేలం వార్త వచ్చినప్పుడే మొదలవుతుంది. భారతీయ చిత్రకారుడు వి.ఎస్. గాయ్‌తోండే చిత్రం ఒకటి 2015లో ముంబైలో 29 కోట్లకు పైగా పలికింది. 2025లో ఆయనదే మరొకటి 67 కోట్లు దాటింది. ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. అందులో ఏముందని అంత డబ్బు అని ఒకరు, కళ తెలియనివాళ్లకు అది అర్థం కాదని ఇంకొకరు. మనస్తత్వ శాస్త్రవేత్తలు మాత్రం ఈ తగాదా పక్కనపెట్టి చిన్న ప్రశ్న ఒకటి పట్టుకున్నారు. గుర్తుపట్టడానికి ఏమీ లేని బొమ్మ ఒకరికి నచ్చినప్పుడు, ఆ నచ్చడంలో బొమ్మ వాటా ఎంత, అప్పటికే ఆ మనిషి మనసులో కదులుతున్న భావం వాటా ఎంత?

రూపం లేని బొమ్మ అంటే

నైరూప్యం అనే మాటను వినగానే రూపమే లేనిది అనుకుంటాం. నిజానికి రూపాలుంటాయి: గీతలు, వలయాలు, మరకలు, పట్టీలు. అవి ఏ వస్తువుకీ బొమ్మలు కావు, అంతే. ఇందులో రెండు రకాలు కలిసిపోతుంటాయి. కొన్ని ఒక వస్తువు నుంచి మొదలై దాన్ని విడిచిపెట్టినవి. డచ్ చిత్రకారుడు మాండ్రియన్ 1908 ప్రాంతం నుంచి చెట్లు గీస్తూ, కొమ్మల్ని గీతలుగా మార్చుకుంటూ, చివరికి చెట్టు ఆనవాలే లేని అడ్డం నిలువు గడుల దగ్గరికి చేరాడు. మరికొన్ని మొదటి నుంచీ ఏ వస్తువునూ చూపని చిత్రాలు. గాయ్‌తోండే తన పనిని ఈ రెండో రకంగానే చెప్పుకున్నాడు. నైరూప్యం అనే ముద్ర ఆయనకు ఇష్టం ఉండేది కాదు.

ఇదంతా మనకు కొత్త అనుకోవడం పొరపాటు. మెలికల ముగ్గు సంగతి చూడండి. చుక్కల చుట్టూ తిరిగే ఆ గీత పువ్వూ కాదు, చిలకా కాదు. అయినా వాకిట్లో దాన్ని చూసి ఇదేం బొమ్మ అని ఎవరూ అడగరు. ఆ వేళ, ఆ వాకిలి, పండగ, పేడనీళ్లు చల్లిన నేల వాసన కలిసి దాన్ని ఎలా చూడాలో ముందే చెప్పేస్తాయి. అదే ముగ్గును తెల్లటి గ్యాలరీ గోడకు తగిలిస్తే అప్పుడు మొదలవుతుంది ఇబ్బంది.

తల్లీబిడ్డల చిత్రమైతే నచ్చడానికి పట్టు దొరుకుతుంది. బిడ్డ ముఖం ముద్దుగా ఉందనో, చీర మడతలు బాగా వేశాడనో చెప్పగలం. నైరూప్య చిత్రంలో ఆ పట్టు ఉండదు. అందుకే పరిశోధకులు దీన్ని ఎంచుకున్నారు. బయటి నుంచి వచ్చే చిన్న ప్రభావం కూడా ఇక్కడ పైకి తేలుతుంది.

మూడ్, సంకేతం, సమాచారం: మూడూ ఒకటి కాదు

మూడ్ అంటే ఫలానా కారణం అని లేకుండా గంటల తరబడి ఉండేది. పొద్దున్నుంచీ చిరాగ్గా ఉంది అంటామే, అది. భావ సంకేతం అంటే ఏదైనా ఒక భావాన్ని మోసుకొచ్చే చిన్న గుర్తు. బొమ్మకు ముందో పక్కనో కనిపించిన నవ్వు ముఖం, వినిపించిన పాట, చదివిన మాట ఇవన్నీ సంకేతాలే. మూడోది సమాచారం. ఈ చిత్రకారుడు ఆత్మహత్య చేసుకున్నాడు, ఈ చిత్రాన్ని చింపాంజీ వేసింది లాంటివి. సమాచారం కూడా భావాన్ని కదిలిస్తుంది కానీ, దానితోపాటు బొమ్మ గురించి నిజంగా ఏదో చెబుతుంది కూడా. ఆ తేడా తర్వాత అవసరం పడుతుంది.

ముందు చూసినదాని ప్రభావం వెనక చూసినదాని మీద పడటాన్ని ప్రైమింగ్ అంటారు. పాయసం తాగాక టీ చప్పగా అనిపించడం లాంటిదే, కాకపోతే ఇక్కడ రుచికి బదులు భావం, అది తర్వాత వచ్చినదాన్ని ఎక్కువగా తన వైపుకే లాగుతుంది.

నచ్చడం అనే మాటను కూడా విడదీసి చూడాలి. బాగుంది అనడం వేరు, కదిలించింది అనడం వేరు, అర్థమైంది అనడం వేరు. ఈ అంశం మీద జరిగే వాదనల్లో సగం ఈ మూడింటినీ కలిపేయడం వల్లే వస్తాయి.

20 మిల్లీసెకన్ల ముఖం

ఈ అంశం మీద నాకు అన్నిటికంటే శుభ్రంగా అనిపించిన ప్రయోగం 2013లో స్పెయిన్‌లోని బలియారిక్ దీవుల విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. అల్బర్ట్ ఫ్లెక్సాస్, అతని సహచరులు చేశారు.

మీరు కంప్యూటర్ ముందు కూర్చున్నారనుకోండి. తెర మీద ఒక ముఖం మెరుస్తుంది. అది సంతోషంగా నవ్వుతుండొచ్చు, అసహ్యంతో మూతి ముడుచుకుని ఉండొచ్చు, ఏ భావమూ లేకుండా ఉండొచ్చు. వెంటనే ఒక నైరూప్య చిత్రం వస్తుంది. అది మీకు ఎంత నచ్చిందో చెప్పాలి. ముఖం గురించి మిమ్మల్ని ఏమీ అడగరు. ప్రయోగం ఒక భాగంలో ముఖం మొదలైన 300 మిల్లీసెకన్లకు చిత్రం వస్తుంది. అంటే సెకనులో మూడో వంతు కన్నా కొంచెం తక్కువ, ముఖం స్పష్టంగా కనిపిస్తుంది. ఇంకో భాగంలో ఆ వ్యవధి 20 మిల్లీసెకన్లే. సెకనును యాభై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. ఈ రెండో భాగంలో ముఖం చూసినట్టు ఎవరికీ తెలియలేదు. ఏ ముఖం వచ్చిందో ఊహించి చెప్పమన్నా, చూసిన జాడ వాళ్ల జవాబుల్లో దొరకలేదు.

ముఖం స్పష్టంగా కనిపించినప్పుడు, నవ్వు తర్వాత వచ్చిన చిత్రాలు ఎక్కువ నచ్చాయి, అసహ్యం తర్వాత వచ్చినవి తక్కువ నచ్చాయి. కనిపించీ కనిపించనప్పుడు కూడా నవ్వు పనిచేసింది. అసహ్యం మాత్రం పనిచేయలేదు. నవ్వును మన కన్ను మిగతా భావాలకన్నా వేగంగా పట్టేస్తుందని వేరే పరిశోధనల్లో చాలాసార్లు తేలింది. ఈ తేడాకు అదొక కారణం కావచ్చు.

ఈ ఫలితాన్ని చదివి, అయితే బొమ్మలో ఏమీ లేదన్నమాట, అంతా ముందు చూసిన ముఖం మహిమే అనుకుంటే లెక్క తప్పుతుంది. ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. అంకెలు నేను ఊహించుకున్నవే. పదికి మార్కులు వేస్తే, ఏ ముఖమూ లేనప్పుడు మీరు మొదటి చిత్రానికి 6, రెండోదానికి 5.8, మూడోదానికి 3 ఇస్తారనుకుందాం. ముఖం ప్రభావం అర మార్కు అనుకుందాం. మొదటి చిత్రానికి ముందు అసహ్యం వస్తే అది 5.5కి దిగుతుంది. రెండోదానికి ముందు నవ్వు వస్తే అది 6.3కి ఎక్కుతుంది. రెండింటి స్థానాలూ తారుమారయ్యాయి. మూడో చిత్రానికి ఎంత నవ్వు తోడొచ్చినా 3.5 దగ్గరే ఆగుతుంది. అంటే సంకేతం బలం కనిపించేది రెండు చిత్రాలు దాదాపు సమానంగా తూగుతున్నప్పుడు, లేదా చూసేవాళ్లు ఎటూ తేల్చుకోలేక ఉన్నప్పుడు. నైరూప్య చిత్రాల ముందు చాలామందికి ఉండేది ఆ ఎటూ తేలని స్థితే.

అత్త మీది కోపం దుత్త మీదికి ఎలా వస్తుంది

ఇది ఎందుకు జరుగుతుందన్న దాని మీద రెండు వివరణలున్నాయి.

మొదటిదాన్ని మన సామెత ఎప్పుడో చెప్పింది: అత్త మీది కోపం దుత్త మీద. మనసులో ఒక భావం కదులుతుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో మనం జాగ్రత్తగా వెతకం. ఆ క్షణంలో కళ్ల ముందు ఉన్నదాని ఖాతాలో రాసేస్తాం. 2005లో కీత్ పేన్ బృందం అమెరికాలో చేసిన ప్రయోగం దీనికి బాగా సరిపోతుంది. చైనా లిపి రాని వాళ్లకు ముందు ఒక క్షణం పాటు ఆహ్లాదకరమైన లేదా చెడ్డ ఫొటో చూపించి, వెంటనే ఒక చైనా అక్షరం చూపించారు. అక్షరం బాగుందా లేదా చెప్పమన్నారు. లిపి రానివాడికి ఆ అక్షరం నైరూప్య చిత్రంతో సమానమే కదా. ఆహ్లాదకరమైన ఫొటో తర్వాత వచ్చిన అక్షరాలు ఎక్కువ నచ్చాయి. ముందు వచ్చే ఫొటో మీ తీర్పును పక్కకు లాగుతుంది, దానికి లొంగొద్దు అని హెచ్చరించి మరీ అడిగినా ప్రభావం పోలేదు.

రెండో వివరణ ప్రకారం పొరపాటు ఖాతా అవసరం లేదు. భావం ముందే చూపుకి రంగు పూస్తుంది. ఆలోచన కంటే ఇష్టాయిష్టాలే ముందు పుడతాయని రాబర్ట్ జాయన్స్ 1980లో గట్టిగా వాదించాడు. 1993లో షీలా మర్ఫీతో కలిసి చేసిన ప్రయోగాల్లో, 4 మిల్లీసెకన్లు మాత్రమే చూపిన ముఖాలు చైనా అక్షరాల మీద ఇష్టాన్ని మార్చాయి. అవే ముఖాలు ఒక సెకను పాటు కనిపిస్తే మాత్రం మార్చలేదు. సెకను వ్యవధి దొరికితే, ఈ నవ్వుకీ అక్షరానికీ సంబంధం లేదు అని మనసు సర్దుకుంటుందన్నమాట.

బలియారిక్ ప్రయోగంలో కనిపించిన ముఖం కూడా పనిచేసింది కదా అన్న అనుమానం రావచ్చు. 300 మిల్లీసెకన్లంటే చూడటానికి చాలు, సర్దుకోవడానికి చాలదు అన్నది నా అభిప్రాయం. రెండు ఫలితాలూ అలా చూస్తే పొసుగుతాయి.

భావం ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుచేస్తే దాని పట్టు సడలుతుందని 1983లోనే నార్బర్ట్ ష్వార్జ్, జెరాల్డ్ క్లోర్ చెప్పారు. వాన రోజున ఫోన్ చేసి మీ జీవితం ఎలా ఉందని అడిగితే జనం తక్కువ తృప్తి చెప్పారు. ముందుగా, మీ ఊళ్లో వాతావరణం ఎలా ఉందండీ అని అడిగితే ఆ తేడా పోయింది. తర్వాత ఎక్కువమందితో చేసిన ప్రయత్నాల్లో ఈ వాతావరణ ఫలితం అంత గట్టిగా నిలబడలేదు. పాఠ్య పుస్తకాల్లో ఇంకా నిలిచి ఉన్న ప్రయోగం కాబట్టి ఆ సంగతి కూడా చెప్పుకోవాలి.

భయపడ్డాక బొమ్మ ఎందుకు గొప్పగా కనిపించింది

ఇంతవరకూ మంచి భావం ఇష్టాన్ని పెంచుతుంది, చెడ్డ భావం తగ్గిస్తుంది అన్న సూత్రం సరిపోతోంది. 2012లో కెండల్ ఎస్కిన్, నటాలీ కాసినిక్, జెస్సీ ప్రింజ్ చేసిన ప్రయోగం దగ్గర అది తడబడుతుంది.

వాళ్లు జనాన్ని గుంపులుగా చేశారు. ఒక గుంపుకి చిన్న భయపెట్టే వీడియో చూపించారు. ఇంకో గుంపుకి సంతోషపెట్టే వీడియో. మరో రెండు గుంపుల చేత చేతులు పైకెత్తి ఎగిరే కసరత్తు చేయించారు, ఒకరి చేత 30 సార్లు, ఇంకొకరి చేత 15 సార్లు. గుండె వేగం పెరగడమే కారణమా, భావమే కారణమా అన్నది విడదీయడానికి ఈ కసరత్తు. ఏమీ చేయని గుంపు కూడా ఉంది. తర్వాత అందరికీ రష్యా చిత్రకారుడు ఎల్ లిసిట్స్కీ నైరూప్య చిత్రాలు చూపించారు. ఏటవాలు గీతలు, వలయాలు, గాల్లో తేలే దిమ్మెల్లాంటి ఆకారాలు ఆయనవి. అవి ఎంత కదిలించాయి, ఎంత ఉదాత్తంగా, అంటే మనసును నివ్వెరపరిచేంత గొప్పగా అనిపించాయి అని అడిగారు.

భయపడిన గుంపుకే అవి ఎక్కువ ఉదాత్తంగా అనిపించాయి. సంతోషం ఆ పని చేయలేదు, ఎగరడమూ చేయలేదు. భయం మనిషిని ఉన్నచోట నిలబెడుతుంది, చూపును ఒక్కదాని మీద బిగిస్తుంది. ఆ బిగింపు చల్లారకముందే బొమ్మ ముందుకొస్తే దాన్ని కూడా అంతే తీవ్రంగా చూస్తాం. ఐర్లాండ్‌కు చెందిన తత్వవేత్త ఎడ్మండ్ బర్క్ 1757లోనే ఉదాత్తతకు మూలం భయమేనన్నాడు.

రెండు ప్రయోగాలూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టు కనిపిస్తాయి కానీ, అడిగిన ప్రశ్నలే వేరు. ఒకచోట నచ్చిందా అని, ఇంకోచోట కదిలించిందా అని. పైగా అసహ్యం, భయం ఒక జాతివి కావు. అసహ్యం ముఖం తిప్పుకునేలా చేస్తుంది, భయం కళ్లు విప్పేలా చేస్తుంది.

మరి ఆసుపత్రిలో అంత భయంలో ఉన్న నాకు ఆ ఎరుపు ఉదాత్తంగా ఎందుకు అనిపించలేదు? దీనికి కూడా బర్క్ దగ్గర సమాధానం ఉంది. ప్రమాదం మరీ మీద పడుతున్నప్పుడు అందులో ఆనందం ఉండదు, అది వట్టి భయమే. కొంత దూరం ఉన్నప్పుడే అది వేరే రసంగా మారుతుంది. వీడియోలో భయం కుర్చీలో భద్రంగా కూర్చుని పడిన భయం. నాది అలాంటిది కాదు.

ఆలంబనం లేని చోట ఉద్దీపనం

రసం అన్న మాట వచ్చింది కాబట్టి, ఈ ప్రశ్నను మన అలంకారశాస్త్రం మాటల్లో పెట్టి చూస్తే నాకు ఇంకా స్పష్టంగా అర్థమైంది. విభావ, అనుభావ, వ్యభిచారి భావాల కలయిక వల్ల రసం పుడుతుందని నాట్యశాస్త్రం చెప్పిన భరతుడి సూత్రం. అనుభావం అంటే భావం బయటికి కనిపించే తీరు, వ్యభిచారి భావం అంటే మధ్యలో వచ్చిపోయే చిన్న భావం. విభావం అంటే భావానికి కారణం. అందులో రెండు రకాలు. ఎవరిని ఆసరాగా చేసుకుని భావం పుడుతుందో అది ఆలంబన విభావం, నాయికో నాయకుడో. ఆ భావాన్ని ఎగదోసేది ఉద్దీపన విభావం. వెన్నెల, పిల్లగాలి, కోయిల కూత లాంటివి.

నైరూప్య చిత్రంలో ఆలంబనమే లేదు. దుష్యంతుడూ లేడు, శకుంతలా లేదు. ఉన్నదల్లా రంగు, గీత, అంటే ఉద్దీపనాలు. ఆసరా లేని చోట, చిత్రం లోపలి ఉద్దీపనమేదో బయటి నుంచి వచ్చినదేదో మనసు వేరు చేయలేకపోతోంది. తెర మీద మెరిసిన నవ్వు, గోడ మీది ఎరుపు ఒకే వరుసలో నిలబడుతున్నాయి. ప్రయోగశాల ఫలితాలకు ఇంతకన్నా సరిపోయే మాట నాకు దొరకలేదు.

కాశ్మీరంలో వెయ్యేళ్ల కిందట అభినవగుప్తుడు అనే అలంకారికుడు రసానుభవానికి అడ్డొచ్చే విఘ్నాలను ఏడుగా లెక్కపెట్టాడు. అందులో ఒకటి, చూసేవాడు తన సొంత సుఖదుఃఖాల్లో మునిగి వాటికి వశమైపోవడం. దానికి విరుగుడుగా సంగీతాన్ని, రంగస్థల అలంకరణను చెప్పాడు. అవి ప్రేక్షకుణ్ణి తన గొడవలోంచి బయటకు లాగి చూడటానికి సిద్ధం చేస్తాయట. నేటి ప్రయోగాలు ఒక పక్షాన్ని కొలిచాయి: బయటి భావం లోపలికి చొరబడుతుంది అని. అభినవగుప్తుడు రెండో పక్షాన్ని కూడా పట్టించుకున్నాడు. సరైన ఉద్దీపనం, సొంత గొడవను కాసేపు పక్కనపెట్టించి, బొమ్మను బొమ్మగా చూడనిస్తుంది కూడా.

దీనికి దగ్గరగా వచ్చే ఆధునిక ఫలితం ఒకటుంది. వియన్నా విశ్వవిద్యాలయంలో హెల్ముట్ లేడర్ బృందం 2014లో చేసిన పనిలో, బాధ కలిగించే దృశ్యాలనే ఇది కళ అని చెప్పి చూపిస్తే జనానికి అవి ఎక్కువ నచ్చాయి. కళ అన్న ఒక్క మాట, చూసేవాడికీ బాధకీ మధ్య కాస్త దూరం పెట్టింది.

పేరు, చీటీ, చావు కథ

నిజమైన గ్యాలరీలో ఎవరూ మన ముందు ముఖాలు మెరిపించరు. అక్కడ సంకేతాలు చిత్రం పక్కన పెట్టే చీటీ రూపంలో వస్తాయి. రంగుల కలగలుపు ఒకదానికి ఎర్ర గీతలు అని పేరు పెట్టొచ్చు, విడిపోవడం అని పెట్టొచ్చు. మొదటిది కంటికి కనిపించేది చెబుతుంది, రెండోది భావాన్ని అందిస్తుంది. లేడర్ బృందం 2006లో ఈ రెండు రకాల పేర్లనూ నైరూప్య చిత్రాల మీద పరీక్షించింది. చిత్రం సెకను పాటే కనిపిస్తే వర్ణించే పేరు అర్థం చేసుకోవడానికి తోడ్పడింది. పది సెకన్లు కనిపిస్తే లోతుగా వివరించే పేరు తోడ్పడింది. అర్థమైందన్న భావన పెరిగినా ఇష్టం మాత్రం ఆ లెక్కన పెరగలేదు. అర్థమైతే నచ్చుతుందనుకుని చిత్రం పక్కన పేజీల కొద్దీ వివరణ అంటించే నిర్వాహకులు ఈ ఫలితాన్ని ఒకసారి చూడాలి.

గాయ్‌తోండే తన చిత్రాలకు పేర్లు పెట్టకుండా వదిలేసేవాడు. అమెరికా చిత్రకారుడు మార్క్ రాత్కో కూడా పేర్లు మానేసి అంకెలకు, రంగుల పేర్లకు దిగాడు. ఆ ఆసుపత్రి గోడ మీది బొమ్మ రాత్కో పద్ధతిలో వేసినదని తర్వాత తెలిసింది. ఆయన చిత్రాల ముందు జనం ఏడుస్తారన్నది ప్రసిద్ధమైన సంగతి. ఆ ఏడుపులోకి ఎన్ని దారులున్నాయో చూడండి. రాత్కో 1970 ఫిబ్రవరిలో ఆత్మహత్య చేసుకున్నాడు. హ్యూస్టన్ నగరంలో ఆయన పేరిట ఉన్న ప్రార్థనామందిరం ఆ మరుసటి ఏడాది తెరిచారు. అందులో 14 పెద్ద చిత్రాలు, దాదాపు అన్నీ ముదురు రంగులవే. లోపలికి అడుగుపెట్టేవాళ్లకు ఆ చావు కథ తెలిసే ఉంటుంది. గది నిశ్శబ్దంగా ఉంటుంది, కూర్చోవడానికి బల్లలుంటాయి, వెలుతురు పైనుంచి పడుతుంది. చిత్రాలు ఎక్కడ ఆగి సంకేతాలు ఎక్కడ మొదలవుతాయో అక్కడ విడదీయడం కష్టం.

ఇక్కడే రెండు పక్షాలు గట్టిగా తలపడతాయి. చావు కథ చూపును కలుషితం చేస్తుందంటుంది ఒక పక్షం. ఆ రంగులు వేసిన మనిషి ఎలాంటివాడో తెలియడం చిత్రాన్ని ఎరగడంలో భాగమే అంటుంది ఇంకో పక్షం. నాకు రెండోదే సబబనిపిస్తుంది, ఒక షరతు మీద. ముఖం మెరుపుకీ చిత్రానికీ సంబంధం లేదు, అది వట్టి సంకేతం. రాత్కో జీవితానికీ ఆయన రంగులకీ సంబంధం ఉంది, అది సమాచారం. అయితే ఆయన 1950ల మొదట్లో వేసిన పసుపు, నారింజ చిత్రాల ముందు కూడా 1970 నాటి చావే కనిపిస్తోందంటే, ఆ సమాచారం మళ్లీ వట్టి సంకేతంగా మారిపోయినట్టే.

గ్యాలరీ అన్న పేరే ఒక సంకేతం. 2009లో ఉల్రిక్ కిర్క్, సెమీర్ జెకి తదితరులు నైరూప్య చిత్రాలను చూపిస్తూ కొన్నిటిని గ్యాలరీవని, కొన్నిటిని కంప్యూటర్ తయారుచేసినవని చెప్పారు. గ్యాలరీ ముద్ర పడినవి ఎక్కువ నచ్చాయి. ఆనందానికి, విలువ కట్టడానికి సంబంధించిన మెదడు ముందు భాగంలో చలనం కూడా పెరిగింది. అంటే వాళ్లు మర్యాదకోసం మార్కులు వేయలేదు, నిజంగానే ఎక్కువ ఆనందించారు. 1964లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో పియర్ బ్రాసో అనే కల్పిత ఫ్రెంచి చిత్రకారుడి పేరుతో ఒక పత్రికా విలేకరి పెట్టిన చిత్రాలు విమర్శకుల మెప్పు పొందాయి. వేసింది జంతుప్రదర్శనశాలలోని పీటర్ అనే చింపాంజీ.

నైరూప్య కళ అంతా మోసం అనేవాళ్లు ఈ చింపాంజీ కథ దగ్గరే ఆగిపోతారు. కథ అక్కడితో అయిపోలేదు. 2011లో ఏంజలీనా హాలీ-డోలన్, ఎలెన్ విన్నర్ పేరున్న నైరూప్య చిత్రకారుల చిత్రాలను చిన్నపిల్లలు, కోతులు, ఏనుగులు వేసిన వాటి పక్కన జతలుగా పెట్టి చూపించారు. కొన్ని జతలకు చీటీలు లేవు, కొన్నిటికి సరైనవి, కొన్నిటికి తారుమారైనవి. చీటీ లేకపోయినా, తప్పుడు చీటీ ఉన్నా కూడా జనం గుడ్డిగా బొమ్మాబొరుసు వేసినదానికన్నా ఎక్కువసార్లు చిత్రకారుల వాటినే ఎంచుకున్నారు. చిత్రకళ చదవనివాళ్లు కూడా అంతే. ప్రతిసారీ కాదు, కానీ యాదృచ్ఛికం అనలేనంతగా. ఎందుకు అంటే, ఇది ఆలోచించి వేసినట్టుంది అన్నారు. సంకేతం తూకాన్ని కదిలిస్తుంది, నిజమే. తూకంలో చిత్రం బరువు కూడా ఉంది.

చిత్రం లోపలే ఉన్న సంకేతాలు

కోసుగా విరిగిన గీతలు కోపాన్ని, చలాకీతనాన్ని, మెల్లగా వంగి కిందికి దిగే గీతలు దిగులును గుర్తుచేస్తాయని 1920ల నాటి పరిశోధనల నుంచీ కనిపిస్తోంది. రంగుల సంగతి ఇంకాస్త చిక్కు. 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 30 దేశాల్లో 4,598 మందిని రంగులకూ భావాలకూ ఉన్న సంబంధం గురించి అడిగింది. దేశాల మధ్య పోలికలు ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉన్నాయి. భాషలు, దేశాలు దగ్గరైన కొద్దీ ఆ పోలిక ఇంకా పెరిగింది.

మిగిలిన తేడాలు మన ఇళ్లలోనే చూడొచ్చు. మన పసుపు రంగుకు పేరే వంటింటి డబ్బాలోంచి, గడప మీంచి, పుస్తెల తాడు మీంచి వచ్చింది. పెద్ద పసుపు పట్టీ ఉన్న ఒక నైరూప్య చిత్రం ముందు మా పెద్దమ్మ నిలబడి, పెళ్లిల్లులా ఉందమ్మా అంది. చిత్రకారుడు పెళ్లిని తలుచుకుని ఉండకపోవచ్చు. అయినా ఆ మాటను తప్పు అనబుద్ధి కాలేదు. తెల్లటి కాన్వాసు ముందు ఆమె ఏమీ అనలేదు. భర్త పోయాక ఇరవై ఏళ్లు తెల్లచీరే కట్టిన మనిషి ఆమె.

ఈ ఫలితాలను ఎంతవరకు నమ్మొచ్చు

ప్రైమింగ్ పరిశోధనలకు గత పదిహేనేళ్లలో గట్టి దెబ్బలు తగిలాయి. 2015లో మనస్తత్వ శాస్త్రంలోని 100 పాత ప్రయోగాలను మళ్లీ చేసి చూస్తే, మూడో వంతుకు కాస్త పైగా మాత్రమే అదే ఫలితాన్ని స్పష్టంగా ఇచ్చాయి. ముఖం తర్వాత బొమ్మ లాంటి వరుస ప్రయోగాలు ఒకే మనిషి దగ్గర పదులకొద్దీ జవాబులు తీసుకుంటాయి కాబట్టి కాస్త గట్టిగా నిలబడ్డాయి. ఒక్క వీడియో చూపించి ఒక్కసారి అడిగే భయం ప్రయోగాన్ని అంత ధీమాగా చెప్పలేం. అది చెప్పేది ఆసక్తికరమైన సంగతే, ఒక్క ప్రయోగం మీద నిలబడి ఉంది అంతే.

పైగా ఈ ప్రయోగాల్లో చాలావరకు చిత్రం అంటే తెర మీది నకలే. గాయ్‌తోండే రోలరుతో, కత్తితో రంగును పొరలు పొరలుగా పరిచి, కొన్నిచోట్ల గీకి తీసేవాడు. ఆ పొరల్లోంచి వచ్చే వెలుగు మానిటరులో కనిపించదు. చిత్రకళలో శిక్షణ ఉన్నవాళ్ల దగ్గర భావాల ప్రభావం తగ్గుతుందని కొన్ని పరిశోధనలు చెప్పాయి. పట్టుకోవడానికి వాళ్లకు వేరే ఆధారాలుంటాయి మరి.

చూసే సమయం సంగతి కూడా ఉంది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులను గమనించి 2001లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఒక చిత్రం ముందు మనిషి నిలబడేది సగటున 27 సెకన్లు. సగం సందర్భాల్లో 17 సెకన్ల లోపే. అవి పేరుమోసిన చిత్రాలు. ఆ కొద్ది సెకన్లలో, లోపలికి వస్తూ తెచ్చుకున్న మూడ్, చీటీ మీది పేరు, పక్కవాళ్ల మాట ఇవన్నీ చిత్రం కన్నా ముందే మాట్లాడేస్తాయి. గాయ్‌తోండే మాత్రం, చూసేవాళ్ల ఈ తొందరకు పూర్తి భిన్నంగా, ఏడాదికి ఐదారు చిత్రాలకు మించి వేసేవాడు కాదు.

ఆసుపత్రిలో తీసిన ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. ఈ వ్యాసం రాస్తూ మళ్లీ తీసి, వేళ్లతో పెద్దది చేసి చూశాను. ఎరుపు మామూలు ఎరుపే, ప్రింటు కాస్త వెలిసింది కూడా. నారింజ పట్టీ మీద, ఫ్రేము అద్దంలో, వంగి చెప్పు పట్టీ సర్దుకుంటున్న అమ్మ నీడ పడి ఉంది. ఆ రోజు అది నేను చూడలేదు.